తుప్పు ఎక్కడ పట్టింది?



ఈ వారం ఎప్పటిలాగే ఒక వాక్యధ్యానం రాద్దామని కూర్చున్నాం. కానీ పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీలో జరిగిన మాటలు మనసులోంచి పోవడం లేదు. అందుకే ఈసారి కొంచెం గట్టిగా రాస్తున్నాం. మేము అంటే పరిచర్యలో ఉన్న మా ఇద్దరమూ, శనివారాల్లో మాతో పాటు షెడ్డులో పనిచేస్తున్న యవనస్థులూ. ఎవరినైనా నొప్పిస్తే క్షమించండి. చదవడం మాత్రం మధ్యలో ఆపకండి.

సంగతి మీలో చాలామందికి తెలుసు. మందిరం వెనక రేకుల షెడ్డులో ఒక పాత వడ్రంగి మిషన్ ఉంది. బోర్డింగు నడిచిన రోజుల్లో తెచ్చింది. ఒకే పోతఇనుప దిమ్మె మీద నాలుగు పనులు జరుగుతాయి. ఒక పక్క గుండ్రటి రంపం. పైన చెక్కను చిత్రిక పట్టే బల్ల. దాని కిందే పలకలన్నిటినీ ఒకే మందానికి తెచ్చే ఏర్పాటు. ఇంకో పక్క బెజ్జాలు తొలిచే బరమా. మీరు ఇప్పుడు కూర్చుంటున్న బెంచీలు దాని మీద కోసినవే. బోర్డింగు మూతపడింది, మిషన్ ఆగింది, షెడ్డు రేకు పగిలింది. ఎన్ని వానాకాలాలు దాని మీద కురిశాయో లెక్క లేదు. రేకు పగిలిన సంగతి మాకు తెలుసు. ఈ సంఘానికి వచ్చిన మొదటి సంవత్సరమే చూశాం. చూసి కూడా దాని మీద పాత పందిరి గుడ్డ కప్పి ఊరుకున్నాం. కాబట్టి ఈ ఉత్తరంలో మొదటి తప్పు మాదే.

వేసవిలో పని మొదలుపెట్టాం. సగం అయ్యింది. ఈలోగా గుజిరీ అంగడాయన వచ్చి చూసి, కిలో లెక్కన ధర చెప్పి వెళ్ళాడు. "అమ్మేద్దాం అయ్యగారూ, ఆ దుడ్డుతో ప్లాస్టిక్ కుర్చీలొస్తాయి" అని కమిటీలో ఎక్కువమంది అన్నారు. మేము వద్దన్నాం. ఎందుకు వద్దన్నామో ఒక్కొక్క మాటకూ ఇక్కడ జవాబు చెప్తాం.

మొదటి మాట: "తుప్పు పట్టేవాటి మీద మనసు పెట్టొద్దని ప్రభువే చెప్పాడు కదా?"

చెప్పాడు. కానీ ఎవరితో, దేని గురించి చెప్పాడు? దాచుకునేవాళ్ళతో, దాచుకున్నదాని గురించి చెప్పాడు. వాడే నాగలికి తుప్పు పట్టదు. రోజూ కోసే కొడవలికి పట్టదు. మూలన పడేసినదానికే పడుతుంది. యాకోబు తన పత్రికలో ధనవంతుల బంగారానికి పట్టిన తుప్పే వాళ్ళ మీద సాక్ష్యం చెబుతుందని హెచ్చరించాడు. మన షెడ్డులో ఉన్న తుప్పు కూడా అలాంటి సాక్షే. దాన్ని కిలో లెక్కన అమ్మితే సాక్షి పోతాడు, నేరం పోదు. తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుడు కనీసం తవ్వి తీసి యజమానికి తిరిగి ఇచ్చాడు. మనం గుజిరీకి వేద్దామంటున్నాం.

రెండో మాట: "పాడైపోయిన దాన్ని ఎవడు బాగు చేస్తాడు? విడిభాగాలు దొరకవు."

ఇది తెలియక అన్న మాట. మూడు నెలలుగా మేము నేర్చుకున్నది చెప్తాం, వినండి.

పోతఇనుము పైకి ఎర్రగా కనిపించినా లోపలికి అంత తొందరగా తినేయబడదు. బల్ల మీద కిరోసిన్ పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున పదునైన పట్టీతో గీకి, ఎమ్రీ కాగితంతో రుద్దితే కింద బూడిదరంగు ఇనుము బయటపడింది. తొందరపడి గ్రైండరు పెట్టలేదు. పెడితే బల్ల సమతలం పోతుంది, ఆ తర్వాత చిత్రిక వంకరే పడుతుంది. చిన్న భాగాలను మన అమ్మలు ఇత్తడి బిందెలు తోమే పద్ధతిలోనే తోమాం. చింతపండు చిక్కగా పిసికి, ఆ పులుసులో ఒక రోజు ఉంచాం. ఆ పులుపు తుప్పును కరిగిస్తుంది. తీసిన వెంటనే కడిగి, ఎండలో ఆరబెట్టి, నూనె రాయాలి. గంట ఆలస్యమైతే మళ్ళీ ఎరుపెక్కుతుంది. పాత రంగులో సీసం ఉండొచ్చని దాన్ని పొడిగా రుద్దకుండా, తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని గీకాం.

బేరింగులు బిగుసుకుపోయాయి. బయటికి లాగి తుడిస్తే వాటి మీద 6205 అనే అంకె కనిపించింది. చివరి రెండు అంకెలను అయిదుతో హెచ్చిస్తే లోపలి బెజ్జం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. అంటే 25. ఆ అంకె చీటీ మీద రాసుకుని మదనపల్లెకు వెళితే అంగట్లో అడిగిన వెంటనే ఇచ్చారు. అన్నేళ్ళ కిందటి మిషన్‌కు ఈరోజు బేరింగు దొరికింది. మీ ఇంట్లో మొన్న కొన్న మిక్సీకి వచ్చే ఏడాది గిన్నె దొరుకుతుందేమో మీరే చెప్పండి.

బోల్టుల దగ్గర మా కుర్రాళ్ళు ఒక తప్పు చేయబోయారు. పాత బోల్టు ఒకటి విరిగితే 12 మిల్లీమీటర్ల కొత్త బోల్టు తెచ్చి బిగించబోయారు. రెండు చుట్లు వదులుగా తిరిగి ఆగింది. ఇంకొంచెం బలం పెట్టి ఉంటే దిమ్మెలోని మరలు చెడిపోయేవి. సాయానికి వచ్చిన ముసలి ఆచారి, "ఆగండ్రా నాయనా, అది అంగుళాల కాలం నాటిది" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇంగ్లండులో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన మరలకు ఒక లెక్క పెట్టాడు. అర అంగుళం బోల్టుకు అంగుళానికి 12 మరలు, మర కోణం 55 డిగ్రీలు. మనదేశంలో 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చేదాకా మిషన్లకు ఎక్కువగా ఆ మరలే. మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు. రెండింటికీ పొత్తు కుదరదు. పుంగనూరులో లేత్ పట్టించి ఆ కొలతకే బోల్టు చేయించాం.

ఇక వేగం లెక్క. మోటారు నిమిషానికి 2880 చుట్లు తిరుగుతుంది. మోటారు పుల్లీ 5 అంగుళాలు, కత్తులున్న ఇరుసు పుల్లీ 3 అంగుళాలు. ఇరుసు ఎన్ని చుట్లు తిరుగుతుంది? 4800. ఈ లెక్క చేసింది మన సండే స్కూలులో పాటలు నేర్పే ఇంటర్ అమ్మాయి. "నిష్పత్తులు పరీక్షలో రాశాను గానీ అవి ఎక్కడన్నా తిరుగుతాయని ఇవాళే చూశాను" అంది. పాడైపోయిన మిషన్ ఒక బిడ్డకు పాఠం చెప్పింది. కుర్చీలు చెబుతాయా?

మూడో మాట: "మన పిల్లలు చదువుకుని పైకి రావాలి. వాళ్ళ చేతికి రంపం ఇస్తారా?"

అసలు నొప్పి ఇక్కడ ఉంది. ఇక్కడే మాకు కోపం వచ్చింది.

మార్కు సువార్త ఆరో అధ్యాయం తీసి మీరే చదవండి. నజరేతువాళ్ళు యేసయ్యను వడ్రంగి అన్నారు. పొగడడానికి అనలేదు. ఈ పని చేసుకునేవాడికి ఇంత జ్ఞానం ఎక్కడిదని తీసిపారేయడానికి అన్నారు. అక్కడ వాడిన గ్రీకు మాట టెక్టోన్. చెక్కపని చేసేవాడికి, ఇళ్ళు కట్టేవాడికి వాడే మాట. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే భక్తుడు, ప్రభువు నాగళ్ళు, కాడిమానులు చేసేవాడని రాసిపెట్టాడు. నాగలీ కాడిమానూ అంటే మన చేలల్లో ఉండే వస్తువులే కదా. క్రిస్మస్ నాటకంలో యోసేపు చేతికి రంపం ఇచ్చి చప్పట్లు కొడతాం. అమ్మాయికి సంబంధం వచ్చి, అబ్బాయి చెక్కపని చేస్తాడంటే మాత్రం "ఇంకేదన్నా చూద్దాం అయ్యగారూ, ప్రార్థన చేయండి" అంటాం. అప్పుడు మనం ఏ ఊరివాళ్ళం? పుంగనూరు వాళ్ళమా, నజరేతు వాళ్ళమా?

మన పెద్దల చరిత్ర కూడా గుర్తు చేసుకోండి. జేకబ్ చాంబర్లిన్ దొర 1863లో మదనపల్లెకు వచ్చినప్పుడు మన తాతముత్తాతల్లో ఎక్కువమందికి ఊళ్ళో ఉలి ముట్టే హక్కు లేదు. ఏ పని ఎవరిదో పుట్టుకే చెప్పేది. ఆర్కాట్ మిషన్ వాళ్ళు కాట్పాడిలో పారిశ్రామిక పాఠశాల పెట్టి మనవాళ్ళకు చెక్కపని నేర్పారంటే అది చదువు చెప్పలేక చేసిన పని కాదు. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది కూడా, నమ్ముకున్నవాళ్ళు కులవృత్తి పోగొట్టుకుని రోడ్డున పడకూడదనే. మూసి ఉన్న ఒక తలుపును వాళ్ళు తెరిచారు. ఆ తెరిచిన తలుపును ఇప్పుడు మనమే లోపలినుంచి గడియ పెట్టుకుంటున్నాం. ఈరోజు ఏ సంఘానికీ చెందని ఒక విశ్వబ్రాహ్మణ ఆచారి, డెబ్బై దాటిన మనిషి, మన పిల్లల పక్కన కింద కూర్చుని తోపడ ఎలా పట్టుకోవాలో వేళ్ళు పట్టి చూపిస్తున్నాడు. వాళ్ళ ఇంట్లో కాఫీ తాగుతున్నాడు. ఇది మనం ఎన్నేళ్ళుగా చేసిన ప్రార్థనకు జవాబో ఆలోచించండి.

సాఫ్ట్‌వేరు వద్దని మేము అనడం లేదు. బాగా చదువుకున్న బిడ్డలను చూసి మురిసిపోయేవాళ్ళలో మేమే ముందుంటాం. అయితే కుప్పంలోని మన సహవాస సంఘంలో కుర్రాళ్ళు కొందరు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోతున్నారు. అక్కడ ఇంటీరియర్ పనుల్లో ప్లైవుడ్ మోస్తారు, దుమ్ము ఊడుస్తారు. రాత్రి రైలుకు తిరిగొస్తారు. వాళ్ళ పేరు హెల్పరు. నాలుగేళ్ళయినా హెల్పరే. ఎందుకంటే వాళ్ళ చేతికి ఎవరూ పని నేర్పలేదు. డిగ్రీ చదివిన కొడుకు హెల్పరుగా పోతే ఓర్చుకుంటాం, ఇక్కడే మేస్త్రీ అయితే చిన్నతనం అనుకుంటాం. ఇదేం లెక్క?

మొదటి సమూయేలు పదమూడో అధ్యాయంలో ఒక సంగతి ఉంది. ఇశ్రాయేలు దేశమంతటా ఒక్క కమ్మరి లేకుండా ఫిలిష్తీయులు చేశారు. నాగటి కర్రుకు పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరికే దిగిపోవాలి. యుద్ధం రోజున సౌలుకూ యోనాతానుకూ తప్ప ఎవరి చేతిలోనూ కత్తి లేదు. పనిముట్లు పోగొట్టుకున్న జనం బానిసలవుతారని ఆ అధ్యాయం చెబుతోంది. మన దగ్గర పనిముట్లు ఎవరూ లాక్కోలేదు. మనమే తూకం వేసి అమ్ముతున్నాం.

నాలుగో మాట: "చేతులు తెగితే ఎవరు పూచీ?"

ఇది న్యాయమైన మాట. దీనికి తలవంచుతాం. చిత్రిక మిషన్ వేళ్ళు తీసేస్తుంది. దేవుడు కాపాడతాడని చెప్పి కంచె లేని మిషన్ ముందు పిల్లవాణ్ణి నిలబెట్టడం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడం. 1948 ఫ్యాక్టరీల చట్టం తిరిగే భాగాలకు కంచె ఉండాలని చెప్పింది. మనది ఫ్యాక్టరీ కాదని తప్పించుకోం. పాతకాలపు మిషన్లలో కొన్నిటికి కత్తులుండే ఇరుసు చతురస్రంగా ఉంటుంది, అది చేతిని లోపలికి లాక్కుంటుంది. మనదాన్ని మొదట అదే చూశాం. గుండ్రంగా ఉంది. చతురస్రమై ఉంటే మేమే గుజిరీ ఆయన్ను పిలిచేవాళ్ళం. బెల్టుకూ రంపానికీ కత్తులకూ మూతలు చేయిస్తున్నాం. చేతికి అందే చోట ఎర్ర స్విచ్చి పెడుతున్నాం. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు మిషన్ ఆన్ చేయకూడదు. చున్నీ, లుంగీ, వేలాడే చొక్కా చేతులు, చేతి గ్లౌజులు తిరిగే కత్తి దగ్గరికి రాకూడదు. ఒంటరిగా ఎవరూ పనిచేయకూడదు. ఈ నియమాలు గోడ మీద రాసి, ఒక్కటి తప్పినా తాళం వేస్తాం. ఇంకేమన్నా చేర్చాలంటే చెప్పండి, చేరుస్తాం.

అయిదో మాట మాకు అనుకూలంగానే అన్నారు, దాన్ని కూడా ఒప్పుకోం: "అమ్మొద్దులే అయ్యగారూ, రంగు కొట్టించి గేటు దగ్గర జ్ఞాపకార్థం పెడదాం."

వద్దు. పుంగనూరు ఆవు సంగతి మీకు తెలుసు. పొట్టిది, పాలు తక్కువని మనవాళ్ళే దాన్ని చిన్నచూపు చూశారు. జాతి అంతరించే దాకా వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం వాళ్ళు, పట్టుబట్టిన కొందరు రైతులు దాన్ని నిలబెట్టారు. ఎలా నిలబెట్టారు? బొమ్మ చేసి గేటు దగ్గర పెట్టి కాదు. మేపి, దూడలు వేయించి. ఈరోజు ఎక్కడెక్కడివాళ్ళో దాని కోసం వెతుక్కుంటూ వస్తున్నారు. బతికున్నదాన్ని బతికించాలంటే పనిలో పెట్టాలి. రంగు కొట్టి నిలబెట్టిన మిషన్ సమాధి రాయితో సమానం.

సమాధి మాట వచ్చింది కాబట్టి, చెప్పాలా వద్దా అని తటపటాయించిన సంగతి కూడా చెప్పేస్తాం.

పోయిన వానాకాలంలో మన సంఘంలో ఒక తల్లి ప్రభువునందు నిద్రించింది. ఆ రాత్రి ఆమె కొడుకుతో కలిసి మేము పెట్టె కోసం టౌనుకు పోయాం. అంగడి తెరిపించి ధర అడిగితే, మా మొహాలు చూసి, వేళ చూసి, నోటికొచ్చిన ధర చెప్పారు. బేరం ఆడే సమయమా అది? ఆ బిడ్డ ఫోనులో ఇద్దరు ముగ్గురిని అడిగి వడ్డీకి తెచ్చి కట్టాడు. తెచ్చిన పెట్టె పలచని చెక్క, మీద మెరిసే కాగితం. వానలో మోసుకెళ్ళేటప్పుడు అడుగు కిందికి వంగింది. మోస్తున్నవాళ్ళు కింద చేతులు అడ్డం పెట్టి నడిచారు. ఆ అప్పు ఆ బిడ్డ ఇంకా తీరుస్తూనే ఉన్నాడు. భూస్థాపన చేసి తిరిగొచ్చి, తడిసిన బట్టలతోనే మేము షెడ్డులోకి వెళ్ళి ఆ పందిరి గుడ్డ తీసి చూశాం. వేసవిలో పని మొదలుపెట్టామని పైన రాశాం. నిజానికి ఆ రాత్రే మొదలయ్యింది.

మిషన్ తిరిగితే దాని మీద మొదట చేయబోయేది పుల్పిట్ కాదు, బెంచీలు కాదు. పెట్టెలు. వేప పలకో, తుమ్మ పలకో, గట్టి అడుగుతో రెండు పెట్టెలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. చెక్క ఖర్చు, మేకుల ఖర్చు తప్ప పైసా తీసుకోం. అది కూడా లేనివాళ్ళు ఇవ్వనవసరం లేదు. సంఘంలో ఉన్నవాళ్ళకే కాదు, ఊళ్ళో అడిగిన ఎవరికైనా ఇస్తాం. మన తల్లిని మట్టికి అప్పగించే రోజున ఇంకొకరి దగ్గర చేయి చాచని స్థితి కావాలా, లేక కొత్త ప్లాస్టిక్ కుర్చీలు కావాలా? దీనికి జవాబు చెప్పాక ఓటు వేయండి.

లెక్కలు దాచం. ఇప్పటిదాకా బేరింగులు, బెల్టు, లేతు పని, కిరోసిన్, కాగితం అన్నీ కలిపి 6,350 రూపాయలయ్యింది. బిల్లులు మందిరం బీరువాలో ఉన్నాయి. ఆచారి కూలి తీసుకోనన్నాడు. మేమే బలవంతంగా బియ్యం పంపించాం. మిగిలింది మోటారు. పాతది మూడు ఫేజులది, మందిరానికి ఉన్నది సింగిల్ ఫేజు. రెండు హార్స్‌పవర్ల సింగిల్ ఫేజు మోటారు పాతదైనా చాలు. బోరు మోటార్లు చుట్టే అంగళ్ళు మన ప్రాంతంలో కొదవ లేదు కదా, తెలిసినవాళ్ళు వాకబు చేయండి.

మేము అడిగేది మూడే. ఒకటి, వచ్చే నెల కమిటీలో ఈ అమ్మకం మాట ఆరు నెలలు వాయిదా వేయండి. ఆరు నెలల్లో ఆ మిషన్ మీద ఒక్క పలక కూడా సాఫుగా రాకపోతే, గుజిరీ బండి మీద దాన్ని మేమే మోసి ఎక్కిస్తాం. మళ్ళీ నోరెత్తం. రెండు, శనివారం మధ్యాహ్నం ఒక్కసారి షెడ్డుకు రండి. అమ్మేద్దామన్నవాళ్ళే ముందు రండి. బల్ల మీద అరచెయ్యి పెట్టి చూడండి. మూడు, మీ ఇళ్ళల్లో అటక మీద తాతల నాటి ఉలి, బాడిస, రంపం ఏదన్నా ఉంటే తీసుకురండి. తుప్పు పట్టిందని సిగ్గుపడకండి. చింతపండు మా దగ్గర ఉంది.

ఎలీషా శిష్యుల్లో ఒకడు చెట్టు నరుకుతుంటే గొడ్డలి ఊడి నీళ్ళలో పడింది. అది అరువు తెచ్చిందని వాడు ఏడ్చాడు. ఇనుప ముక్కే కదా, పోతే పోనీ అని ప్రవక్త అనలేదు. ఎక్కడ పడిందో చూపించమన్నాడు. దేవుడు దాన్ని తేలేటట్టు చేశాడు. అయినా చెయ్యి చాచి తీసుకోవలసింది మాత్రం ఆ శిష్యుడే.

మన షెడ్డులో ఉన్నది కూడా అరువు సొత్తే. ఇచ్చినవాళ్ళు నిద్రించారు. రావలసినవాళ్ళు ఇంకా చిన్నపిల్లలు. మధ్యలో చెయ్యి చాచవలసింది మనం.

శనివారం మూడు గంటలకు షెడ్డు తలుపు తీసి ఉంటుంది.

ప్రార్థనలో మిమ్మల్ని జ్ఞాపకం చేసుకుంటూ,
మీ సేవకులం.